వార్నీసు మీద గడ్డి

మొన్న కోయిలకుంట్లలో గడ్డం గీయించుకుంటా సగంలో లేచి బయటికొచ్చినా. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో. మంగలాయన కత్తి చేతిలో పట్టుకోని "ఏమాయె అయివారూ, తెగెనా?" అంటా నా ఎనకాలే వచ్చినాడు. తెగలేదు. ఎదురుగా గోడకు క్యాలెండరు తగిలించినాడు, అందులో పులి. నోరు బారెడు తెరిచి, ఎర్రగా నాలుక వేలాడేసి, కండ్లల్లో నిలువు గీత. పిల్లి కన్ను! పులికి పిల్లి కన్ను పెట్టి, లెక్కలేనన్ని అచ్చేసి, ఊరూరా అంగట్లల్లో తగిలించినారు. "ఆ బొమ్మ తీసేస్తే కూర్చుంటా" అన్నా. "కొత్త సంవత్సరంది గదా సామీ, తిథులు చూసుకోవాల" అన్నాడు. తిథులు చూసుకోనీకి పులి ఎందుకప్పా?

ఇంటికొచ్చి మిగిలిన సగం నేనే గీసుకున్నా. రెండు చోట్ల తెగింది. ఆ కోపం మంగలాయన మీదిది కాదని నాకు తెలుసు. పులులు ఏసే నంద్యాల సాయిబు పోయి నాలుగు నెల్లయింది. ఆయన మీద తీర్చుకుందామంటే మనిషి లేడు. ఆళ్ళగడ్డ పెద్దింటాయన మీద తీర్చుకోనీకి నాకు చేతగాదు. నా మీద నేను తీర్చుకుంటే ఇంట్లో వాళ్ళు భయపడతారు. పాపం, మంగలాయన అడ్డం దొరికినాడు.

సాయిబుకు ఒక పేరుండాది, పెట్టినోళ్ళు పెట్టినారు. ఎవరైనా అడిగితే "బోర్డు రాయల్లనా, పులి ఏయల్లనా? పని చెప్పు. పేరుతో ఏం పని?" అనేవాడు. నంద్యాల అంతా పులుల సాయిబు అనింది, ఆళ్ళగడ్డా అట్లే అనింది. నేనూ అట్లే అంటా.

సన్నంగా పొడుగ్గా ఉండేవాడు. కుడి భుజం కొంచెం కిందికి దిగి ఉండేది. అంగట్ల బోర్డులు రాసేది, జట్కాబండ్ల ఎనక పూలు ఏసేది ఆయన కూటి పని. పీర్లపండగ మాత్రం ఆయన సొంత పని. బిడ్డకు జబ్బు నయమైతే పులేషం కడతానని పీరుసామికి మొక్కుకునేది మా పక్క ఆచారం, సాయిబులైనా మనోళ్ళైనా. మొక్కు ఉన్నోళ్ళు ఒళ్ళంతా నున్నగా గీయించుకోని పొద్దున్నే పీర్లచావిడి ముందర గోచీతో వరసగా నిలబడతారు. ఈయన ఒక్కొక్కని చుట్టూ తిరిగి చూసి, పచ్చరంగు పూసి, ఆరేదాకా ఎండలో నిలబెట్టి, ఆమీట చారలు మొదలుపెట్టేవాడు. చారలకు కుంచె ముట్టడు. బొటనేలు నల్లరంగులో ముంచి, ఎన్నుపూస కాడ్నుంచి డొక్క మీదికి లాగేది. "గాలి పీల్చు. వదలాకు. కదిలితే తంతా." అంతకు మించి మాట్లాడేది లేదు.

కుడి డొక్క మీద ఏసిన చార ఎడమ డొక్క మీద ఏసేవాడు కాదు. ఒకసారి ఒకడు దాని మీద తగువు పెట్టుకున్నాడు.

"రెండు పక్కలా ఒకే మాదిరి లేదే సాయిబూ. ఎక్కువతక్కువాయె గదా."

"నీ రెండు చెవులూ ఒకే మాదిరి ఉండాయా?"

"ఉండాయి."

"పోయి అద్దంలో చూసుకోని రా పో. నేనీడనే ఉంటా."

వాడు పచ్చరంగు ఒంటితో నిజంగానే పక్కన అంగట్లోకి పోయి అద్దం చూసుకోని వచ్చి, గమ్మున నిలబడినాడు.

తప్పెటోళ్ళకు ఈయనంటే ఒళ్ళుమంట. పులేషగాడు ఎగరాల, పల్టీలు కొట్టాల, జనం ఈలలేయాల, అప్పుడే గదా పండగ! ఈయనేమో రంగు పూర్తయిన ప్రతివాని గడ్డం పట్టుకోని చెప్పేది: "ఎగరాకు. పులి ఎగరదు. నడుస్తాది. నడువు." వాళ్ళు తలకాయ ఊపేవాళ్ళు, సందు మలుపు తిరగంగానే ఎగిరేవాళ్ళు. తప్పెట మోత మారిందంటే ఆయనకు తెలిసిపోతాది. చావిడి మెట్ల మీద కూర్చోని, గోళ్ళల్లో రంగు గీక్కుంటా, "థూ, కోతి నాయాళ్ళు" అనుకునేవాడు. సందకాడ దాకా ఆయనతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

నాకు ఆయన పరిచయమైంది తిట్టుతోనే. మద్రాసు పోయి డ్రాయింగు పరీక్ష పాసై వచ్చిన కొత్త. ఒళ్ళంతా పొగరు. నంద్యాలలో ఏదో నాటకానికి అడివి తెర ఏసిపెట్టమంటే ఏసినా. సెలయేరు, మానులు, మధ్యలో పులి. ఇంట్లో పెంపుడు పిల్లిని ముందర కూర్చోబెట్టుకోని, దాన్ని చూసి పెద్దది చేసి ఏసిన పులి. అందరూ మెచ్చుకున్నారు. ఈయన పక్కన బోర్డు రాసేవాడు, కుంచె చెవి మీద పెట్టుకోని వచ్చి, ఒక కన్ను మూసి, తెర ముందర శానాసేపు నిలబడినాడు.

"ఎవరింటి పిల్లి అయివారూ?"

నాకు మొగం ఎర్రబడింది. "పులి అది, కనపడటంలేదా?" అన్నా.

"పిల్లికి కంటిలో గీత ఉంటాది. పులికి గుండ్రం. నీ మాదిరి, నా మాదిరి. నువ్వు పులి కన్ను చూసినావా?"

"నువ్వు చూసినావా?"

"చూసినా."

ఆ చూసిన కథ ఆయన నోట ఏడెనిమిది సార్లు విన్నా. ఎప్పుడూ ఒక్క మాట పెరగలేదు, ఒక్క మాట తగ్గలేదు. వయసులో ఉన్నప్పుడు నల్లమలలో వెదురు బొంగులు కొట్టేవాళ్ళతో పోయినాడంట. వాగులో నీళ్ళు తాగనీకి వంగితే, అవతలి గట్టున అది కూడా వంగి తాగుతాండాదంట. "అది నన్ను చూసె. నేను దాన్ని చూస్తి. దానికి నాతో పన్లేదు. పోయె." అంతే. "భయం కాలేదా?" అని అడిగితే "అయితాది గదా" అనేవాడు. "మరి నోరు తెరిచిందా?" అంటే మాత్రం కోపమొచ్చేది. "నీళ్ళు తాగినాక నోరెందుకు తెరుస్తాది? నువ్వు నీళ్ళు తాగి నోరు తెరుచుకోని కూర్చుంటావా?"

అప్పట్నుంచి నా తెర మీద పులిని ఎవరు మెచ్చుకున్నా నాకు చెంపదెబ్బ మాదిరే ఉండేది. నాటకం అయినాక దాన్ని నేనే చింపేసినా. ఆయనకు చెప్తే, "తెర చింపితే ఏమొస్తాది, కన్ను మార్చుకో" అన్నాడు. మెచ్చుకోలు అనే వస్తువు ఆ మనిషి దగ్గర లేదు.

తర్వాత నన్ను ఆళ్ళగడ్డ హైస్కూలుకు డ్రాయింగు అయివారుగా వేసినారు. కర్నూలు రాజధాని అయిన కొత్త అది. తెల్లారితే జీపులు, ఆఫీసర్లు. ఆళ్ళగడ్డకు దగ్గర్లో ఒక పల్లెలో పెద్దింటాయన ఉండాడు, పేరు చెప్పను, ఆయన పేరు చెప్తే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు ఉండారు. కర్నూలు నుంచి ఎవరొచ్చినా దిగేది ఆయనింట్లోనే. వచ్చినోళ్ళకు కోళ్ళు, మేకలు, మర్యాదలు అన్నీ ఉండాయి గానీ, హాల్లో గోడ ఖాళీగా ఉండాది. గోడకు పులి కావల్సివచ్చింది.

ఆ ఏడు పీర్లపండగకు సాయిబు ఆళ్ళగడ్డకు వచ్చినాడు. పండగైన మరుసటి పొద్దున, గోళ్ళల్లో పచ్చరంగు ఇంకా పోలేదు, పెద్దింటాయన పులిని కొట్టినాడని కబురు. స్కూలు వదిలేసి అందరం ఆ పల్లెకు ఉరికినాం, సాయిబు కూడా. వాకిట్లో ఎద్దులబండి మీద పడేసుండాది. మంచె మీద కూర్చోని, కింద దున్నపెయ్యను కట్టేసి, అది తినేదానికొస్తే కొట్టినాడు. ఆ సంగతి బండి తోలినోడు గుసగుసగా చెప్పినాడు. వాకిట్లో మాత్రం పెద్దింటాయన తుపాకి పట్టుకోని నిలబడి, అది ఎట్ల మీదికి దూకిందో, తాను ఎట్ల కదలకుండా నిలబడినాడో చెప్తాండాడు. జనం దాని మీసాలు పెరుకుతాండారు, గోళ్ళ కోసం కొట్లాడుకుంటాండారు. కొవ్వు మోకాళ్ళనొప్పులకు మంచిదని ఒకామె గిన్నె పట్టుకోని వచ్చింది.

సాయిబు వాళ్ళందర్నీ మోచేతులతో తోసుకోని పోయినాడు. ఈగల్ని తోలినాడు. కనురెప్ప ఎత్తి చూసి నా పక్క తిరిగి, "గుండ్రం" అన్నాడు. భుజం మీద చారలు వేలితో తడిమినాడు. ఆ తర్వాత ఎనక కాలు పైకెత్తి, అట్లే ఆగిపోయినాడు.

పొట్ట కింద చన్నులు ఉబ్బి ఉండాయి. మొనల చుట్టూ ఎంట్రుకలు చీకి చీకి అంటుకోనుండాయి. ఆయన ఒకదాన్ని బొటనేలితో మెల్లగా ఒత్తినాడు. పాలొచ్చినాయి.

"దీని పిల్లలు యాడ?" అన్నాడు.

"ఏం పిల్లలు?" అన్నాడు పెద్దింటాయన.

"పాలిచ్చే తల్లి అన్నా ఇది. పిల్లలు యాడో ఉంటాయి. యాడ కొట్టినావు? మనుషుల్ని పంపు."

పెద్దింటాయన నవ్వినాడు. "పండగ మత్తు ఇంకా దిగలేదా సాయిబూ? మగపులి ఇది. ఏమప్పా, మగది కాదా?" అని జనాన్ని అడిగినాడు. మగదే, మగదే అన్నారు. మీసాలు పెరికినోళ్ళు అన్నారు, గోళ్ళు కోసినోళ్ళు అన్నారు, గిన్నె పట్టుకున్నామె, నలుగురు బిడ్డల తల్లి, ఆమె కూడా అనింది! అప్పుడాయన నన్ను చూసినాడు. "చదువుకున్నోనివి, నువ్వు చెప్పు అయివారూ."

"మగదే ఉన్నట్లుందన్నా" అన్నా నేను.

ఎవడు బెదిరించినాడు నన్ను? ఎవడూ లేదు. తుపాకి గొట్టం నేల పక్కే తిరిగుండాది. అంతమంది ఒక మాట అంటాంటే నోరు దానంతట అదే కలిపింది. సాయిబు నా దగ్గరికొచ్చి తడి వేళ్ళు నా ముక్కు కింద పెట్టి, "వాసన చూసి చెప్పు" అన్నాడు. నేను మొగం తిప్పుకున్నా.

ఆ మధ్యాహ్నమే ఆయన బండి తోలినోన్ని దావ అడుక్కోని అడివిలోకి పోయినాడు. రెండు రోజులు కనపడలేదు. వానలకు గడ్డి నిలువెత్తు పెరిగుండాది, యాడని ఎతుకుతాడు? మూడోనాడు కాళ్ళంతా గీరుకోని వచ్చి చావిడి మెట్ల మీద కూర్చున్నాడు. "దొరికినాయా?" అన్నా. తల అడ్డంగా ఊపినాడు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పెద్దింటాయన ఫోటో తీయించినాడు గానీ అందులో పులి పడుకోనుండాది. పడుకున్న దాని పక్కన నిలబడితే ఏం గొప్ప? అది దూకాల, తాను నిలబడాల, వాకిలంత పెద్ద బొమ్మ కావాల. పండగలో సాయిబు ఏసిన పులుల్ని చూసుండాడు గదా, "వాడే ఏయాల" అని కబురంపినాడు. సాయిబు ఏయనన్నాడు. నన్ను పంపినారు, నచ్చజెప్పమని.

"నువ్వు ఏయకపోతే కర్నూలు నుంచి ఎవన్నో పిలిపిస్తారు" అన్నా. "వాడు దానికి పిల్లి కన్ను పెడతాడు, నోరు తెరిపిస్తాడు. మగదాన్ని చేస్తాడు. ఆ గోడ మీద అదే ఉంటాది."

"నువ్వు శానా చెడ్డోనివి అయివారూ" అన్నాడు. మరుసటి రోజు పోయి గుడ్డ కొలత అడిగినాడు.

నలభై రోజులు ఆ హాల్లో ఏసినాడు. పెద్దింటాయన తల్లి, ముసలవ్వ, హాల్లో మంచం మీద వక్కాకు దంచుకుంటా చూసేది. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. బడి వదిలినాక నేను పోయేవాన్ని. మొదట పెద్దింటాయన్ని ఏసినాడు, తలపాగ, మీసం, తుపాకి, అన్నీ ఉన్నదున్నట్లు. ఆయనకు ఆ మీసం ఎంత నచ్చిందంటే రోజూ భోజనం చేసి వచ్చి దాని ముందర నిలబడేవాడు. తర్వాత పులి. ఒకపక్కకు తిరిగి నిలబడుండాది. దూకలేదు. నోరు మూసుకోనుండాది. తల వెనక్కి తిప్పి, దూరంగా ఒక పొదను చూస్తాండాది.

"ఇదేంది సాయిబూ?" అన్నాడు పెద్దింటాయన. "నా మీదికి దూకాల గదా?"

"దూకలేదు గదా అన్నా."

"బొమ్మలో దూకితే ఏం పోతాది?"

"నీకేం పోదు. దానికి పోతాది."

ఏ కళనున్నాడో, నవ్వి వదిలేసినాడు. మీసం కాపాడింది. నేను మాత్రం సాయిబును పక్కకు పిలిచి అడిగినా. "ఆ పొద ఎనక పిల్లల్ని ఏయలేదే?"

"పిల్లల్ని నేను చూడలేదు గదా" అన్నాడు.

బొమ్మకు వార్నీసు కొట్టి, ఆరినాక, మంచి రోజు చూసి గోడకెత్తినారు. ఆ వారంలోనే కర్నూలు నుంచి పెద్ద ఆఫీసర్లు రావాల. ఇంటినిండా చుట్టాలు. పెద్దింటాయన కూతురు కాన్పుకొచ్చి, పదకొండో రోజు పురిటి నీళ్ళు పోసుకోని, లోపల గదిలో బిడ్డతో ఉండాది. అందరూ మీసాన్ని మెచ్చుకుంటాండారు. అవ్వ మంచం దిగి, కర్ర పట్టుకోని, బొమ్మకు దగ్గరగా వచ్చింది. పైనుంచి కిందికి చూసింది.

"ఇది బాలింత గదరా" అనింది. "బాలింతను చంపినావా నాయనా?"

పొట్ట కింద, నీడలో, నాలుగు చన్నులు పాలతో బరువుగా వేలాడతాండాయి. నలభై రోజులు అందరి కండ్ల ముందే ఏసినాడు. ఎవరికీ కనపడలేదు, అందరూ మీసం చూస్తాండారు. ఇప్పుడు చూడకుండా ఉండలేరు. లోపల గదిలో పసిబిడ్డ ఏడ్చింది. పెద్దింటాయన మొగం నల్లగా అయింది. భయం! ఆ మనిషి మొగంలో భయం నేను ఒక్కసారే చూసినా, అప్పుడే. రెండు నిమిషాల్లో అది కోపమయింది.

"చెరుపు" అన్నాడు సాయిబును.

"ఏసింది నేను చెరపనన్నా. చెరిపేవాళ్ళు ఊరినిండా ఉండారు" అన్నాడు సాయిబు. అని నా పక్క చూడలేదు. చూసినా బాగుండేది.

జీతగాళ్ళు ఆయన్ని వాకిట్లోకి ఈడ్చినారు. కుంచెలు విరిచినారు. రంగు డబ్బాలు బావిలో పారేసినారు. కొట్టినారు కూడా, ఎంత కొట్టినారో చెప్పను, ఆయన ఎప్పుడూ చెప్పలేదు గనక. ఆళ్ళగడ్డ తాలూకాలో మళ్ళా కాలు పెట్టొద్దన్నారు. మరుసటేడు పీర్లపండగకు ఆళ్ళగడ్డలో మొక్కున్నోళ్ళు అంగట్లో కొన్న అట్టమొగాలు పెట్టుకోని ఎగిరినారు. ఒక్కడు, ఒక్కడైనా, "మాకు సాయిబు కావాల" అనలేదు. ఆయన బొటనేలి కింద గాలి బిగబట్టుకోని నిలబడిన మగోళ్ళు అంతమంది ఉండారు ఆ ఊర్లో!

గడ్డి ఏసింది నేను.

పెద్దింటాయన ఆ సాయంత్రమే నన్ను పిలిచి, "పొట్ట కింద కనపడకుండా చెయ్యి అయివారూ, ఎల్లుండి ఆఫీసర్లొస్తాండారు" అన్నాడు. నేను చేయనని ఎట్లంటా? ఇంట్లో పెండ్లాం, ఇద్దరు పిల్లలు, హైస్కూలు ఉద్యోగం. ఇవన్నీ నిజమే. ఇవన్నీ అందరికీ ఉండాయి. నాది నూనెరంగు పట్టుకున్న చెయ్యి కాదు, స్కూల్లో పిల్లకాయలకిచ్చే నీళ్ళరంగులో తుమ్మబంక కలిపి, పొట్ట కింద పొడుగాటి గడ్డి ఏసినా. ఒక్కొక్క పోచ, ఎండు పోచ, పచ్చి పోచ, మంచి గడ్డి. ఏసేటంతసేపూ అవ్వ మంచం మీద కూర్చోని చూసింది, వక్కాకు దంచలేదు. ఆఫీసర్లు వచ్చినారు, మగపులి అన్నారు, కోళ్ళు తిన్నారు, పోయినారు.

నెల తర్వాత నంద్యాల పోయి సాయిబుకు నేనే చెప్పినా. ఇంకొకరి నోట వినకూడదని. చెయ్యి ఇంకా సరిగ్గా ఎత్తలేకపోతాండాడు, ఎడమ చేత్తో ఏదో పలక మీద అక్షరాలు దిద్దుతాండాడు.

"దేంతో ఏసినావు?" అన్నాడు. ఎందుకేసినావని అడగలేదు.

"నీళ్ళరంగు. తుమ్మబంక కలిపి."

"నా వార్నీసు మీదనా?"

"ఊ."

నవ్వినాడు. అన్నేళ్ళలో ఆ మనిషి అట్ల నవ్వింది నేను చూడలేదు. దగ్గు వచ్చేదాకా నవ్వినాడు. నాకు ఒళ్ళు మండింది. "తిట్టరాదా, నవ్వేదేంది?" అన్నా.

"ఏం లేదు లే అయివారూ. గడ్డే గదా. ఎండుతాది" అన్నాడు.

ఏమైనా తెలిసి అన్నాడని నాకు తట్టలేదు. నాలుగేండ్లు తట్టలేదు, డ్రాయింగు అయివారిని! రాజధాని హైదరాబాదుకు పోయింది, పెద్దింటాయనింటికి జీపులు తగ్గిపోయినాయి. ఆయన కూతురు బిడ్డతో మెట్టినింటికి పోయి సుఖంగా ఉండాది, ఇంకో కాన్పు కూడా అయింది. దేవుడు ఎవర్నీ ఏమీ చేయలేదు. నేను ఎప్పుడైనా నంద్యాల పోతే సాయిబును చూసేది, ఆయన ఆళ్ళగడ్డ మాట ఎత్తేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, బస్సెక్కిస్తా, "రాలిందా?" అని అడిగినాడు. ఏంది రాలేది అన్నా. "ఏం లేదు, ఎక్కు" అన్నాడు.

సాయిబు పోయిన వారానికే పెద్దింటాయన మనిషి స్కూలుకొచ్చినాడు. "బొమ్మ మీద గడ్డి రాలిపోతాండాది అయివారూ. చెదలు తిన్న మాదిరి ముక్కలు ముక్కలు ఊడుతాండాది. అన్న కర్నూలు నుంచి నూనెరంగు తెప్పించినాడు. వార్నీసు గీకి, ఈసారి ఎప్పటికీ పోకుండా ఏయమన్నాడు." అప్పుడు తట్టింది. వార్నీసు మీద నీళ్ళరంగు నిలబడదని బోర్డులు రాసే ప్రతి మనిషికీ తెలుసు. ఆయనకు ఆ పొద్దే తెలుసు. చెప్పలేదు. నాకు చెప్పుంటే నేను పోయి ఇంకాస్త గట్టిగా ఏసి వస్తానని అనుకున్నాడు గదా? నా మీద అంత నమ్మకం! నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. బజార్లో సైకిలు అడ్డమొచ్చినోన్ని కూడా తిట్టుకుంటా పోయినా ఆ పొద్దు.

నెల తిరక్కుండా నన్ను కోయిలకుంట్లకు ఎందుకు వేసినారో ఎవరూ కాగితం మీద రాయలేదు. రాయాల్సిన పని కూడా లేదు. ఆ మనిషి వచ్చి పిలిచిన పొద్దు నేను ఆ ఇంటికి పోయేసరికి పెద్దింటాయన పొలం కాడ ఉండాడు. హాల్లో అవ్వ ఒక్కతే, అదే మంచం మీద. చూపు మందగించింది. నూనెరంగు డబ్బా, కొత్త కుంచె, గీకే కత్తి బల్ల మీద సిద్ధంగా పెట్టినారు. నేను చెంబుతో నీళ్ళు, పాత పంచె ముక్క అడిగి తీసుకున్నా.

"ఎవరది?" అనింది అవ్వ.

"డ్రాయింగు అయివారిని అవ్వా."

"మళ్ళా మూయనీకి వచ్చినావా?"

"లేదవ్వా. తుడ్సనీకి."

తడిగుడ్డ పెట్టి రుద్దితే నా గడ్డి బురదయి నా చేతుల మీదుగా కారింది. ఒక్కొక్క పోచ నేను ఏసిందే, ఏ పోచ యాడ మొదలుపెట్టినానో నాకు గుర్తుండాది. కింద వార్నీసు చెక్కుచెదరలేదు. నాలుగు చన్నులూ బయటికొచ్చినాయి. అవ్వ లేచి వచ్చి, తడుముకుంటా, ఆ పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. "పాలు చేపుకోనుండాది పాపం" అనింది.

నేను చేతులు తుడుచుకుంటాంటే నా మోచెయ్యి పట్టుకునింది.

"అది యాడికో చూస్తాండాది గదా నాయనా. ఉత్త పొద. ఇన్నేండ్లుగా ఉత్త పొదను చూస్తాండాది, నేను దాన్ని చూస్తాండా. ఆ డబ్బాలో రంగుండాది. ఆడ దాని పిల్లల్ని ఏయి. రెండు ఏయి చాలు. నువ్వు ఏసినావని ఎవరికీ చెప్పను."

డబ్బా మూత మీద చెయ్యి పెట్టినా. నూనెరంగు, పోదు. రెండు పిల్లలు, పొదలోంచి తొంగి చూసేటట్లు, నాకు చేతనవుతాది. అవ్వ కండ్లు నా చేతి మీదే ఉండాయి. మూత మీది చెయ్యి తీసేసినా.

"పిల్లల్ని నేను చూడలేదవ్వా" అన్నా.